కలో, గంజో

"కలో గంజో తాగి పిల్లలను చదివించుకున్నాము" అనే మాట తెలుగునాట ఇప్పటికీ వినబడుతూనే ఉన్నది. గంజి అంటే ఏమిటని తరగతిలో అడిగితే పిల్లలందరూ చేతులెత్తుతారు. బట్టలకు పెట్టే గంజి అయినా వారికి తెలుసు. కలి అంటే ఏమిటని అడిగితే మాత్రం తరగతి మూగబోతుంది. చురుకైన కుర్రవాడొకడు లేచి కలియుగమంటాడు. మరొకడు కలిపురుషుడంటాడు. పెద్దలు కలిసి వండుకొనేదేమో అని ఊహించేవాడూ ఉంటాడు. జంట పదాలలో గంజి బ్రతికింది, కలి పోయింది. పోయినదాని పేరు మాత్రం జాతీయంలో పదిలంగా కూర్చున్నది. ఇల్లు కూలిపోయి ఇంటిపేరు మిగిలిన వంశం వంటిదీ మాట.

కలి అంటే పులిసిన బియ్యపు కడుగు, లేదా పులిసిన గంజినీళ్ళు. దానికే తరవాణి అని మరొక పేరు. పొయ్యి పక్కనో, వంటింటి మూలనో ఒక మట్టికుండ ఉండేది. అన్నం వార్చిన గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ అందులో పడేవి. రెండు మూడు రోజులకు ఆ నీరు తేటపడి, పులిసి, ముక్కుకు తగిలే వాసన పట్టేది. ఉప్పు వేసి, నిమ్మాకో దబ్బాకో నలిపి వేసి, ఆ పుల్లనీటిని తాగేవారు. దానిలో నానిన అన్నాన్ని ఊరగాయ నంజుకొని తినేవారు. చద్దన్నం వేరు, తరవాణి వేరు. చద్దన్నం ఒక రాత్రి పని. తరవాణి కుండ ఇంటితోపాటు సాగే వ్యవహారం. ఈ రోజు తీసినంత రేపు పోస్తారు, అడుగున ఉన్నది ఎప్పటిదో ఎవరికీ తెలియదు.

సంస్కృతంలో దీనికి కాంజికమని పేరు. అమరసింహుడు తన కోశంలో ఈ ఒక్క పుల్లనీటికి పర్యాయపదాలు గుమ్మరించాడు: ఆరనాళకం, సౌవీరం, అభిషుతం, ధాన్యామ్లం, కుంజలం మొదలైనవి. అన్నిటికంటె ముచ్చటైనది అవంతిసోమం. యజ్ఞంలో దేవతలకిచ్చే సోమరసం ఎక్కడ, అవంతి దేశపు వంటింటి పుల్లకడుగు ఎక్కడ! ఆ పేరు పెట్టినవాడు పరిహాసానికే పెట్టి ఉండవచ్చు. కాని చవి తెలియనివాడికి ఆ పరిహాసం కూడా తోచదు. బ్రౌను దొర 1852లో అచ్చువేసిన తెలుగు ఇంగ్లీషు నిఘంటువులో కూడా తరవాణికి చోటు దొరికింది. అంటే నిఘంటుకారులెవ్వరూ ఈ కుండను చిన్నచూపు చూడలేదు. చూచినవారం మనమే.

ఈ మధ్య పట్టణాలలో ఒక కొత్త పానీయాన్ని గూర్చి వింతగా చెప్పుకొంటున్నారు. అది బీరు, కాని నల్లగా ఉంటుంది, పుల్లగా ఉంటుంది, పైగా ఉప్పగా ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం చిన్న బీరు శాలలకు 2015లో నియమాలు ఏర్పరచిన తరువాత హైదరాబాదులో కూడా ఇటువంటి శాలలు వెలిశాయి. పెద్ద కార్మాగారాలలో కాక, కొద్దికొద్దిగా, తయారుచేసేవాని అభిరుచిని బట్టి కాచేదాన్ని క్రాఫ్ట్ బీరు అంటున్నారు. ఈ నల్లని ఉప్పు పులుపు బీరును మొదటిసారి నోట పెట్టినవారు మొగం చిట్లించటం సహజమే. నల్లగా ఉన్న బీరు చూస్తే కాఫీవలె చేదుగానో, మాడిన బెల్లంవలె తియ్యగానో ఉంటుందని కన్ను ముందే నాలుకకు చాడీ చెబుతుంది. నాలుకకు తగిలేది పులుపు. ఆ తడబాటు తీరేలోపల, మింగిన తరువాత, పెదవుల మీద ఉప్పు మిగులుతుంది. ఇది చెడిపోయిందా, లేక ఇట్లాగే ఉంటుందా అన్న అనుమానం అప్పుడు పుడుతుంది.

ఇట్లాగే ఉంటుంది. పైగా కొత్తదీ కాదు. జర్మనీ దేశంలో గోస్లార్ అని ఒక గని పట్టణం ఉన్నది. రామెల్స్‌బెర్గ్ కొండను తొలిచి శతాబ్దాల పాటు వెండి, రాగి, సీసం తీసిన ఊరది. ఆ ఊరి మీదుగా పారే గోజె అనే చిన్న ఏటి పేరే అక్కడి బీరుకు వచ్చింది. గోధుమ మాల్టు సగమైనా ఉండాలి. ధనియాలు వేస్తారు, ఉప్పు వేస్తారు, పులియనిస్తారు. ధనియాలూ ఉప్పూ పులుపూ అంటే తెలుగు పాఠకునికి చారు గుర్తుకు వస్తే అది వారి తప్పు కాదు! 1738 నుంచీ ఇది లైప్‌జిగ్ నగరంలో అమ్ముడుపోయింది. గోస్లారులో అడుగంటినా లైప్‌జిగ్ దానిని తన సొంతం చేసుకొన్నది. పొడుగాటి మెడ గల సీసాలలో పోసి బిరడా పెట్టకుండా ఉంచేవారు. పొంగిన ఈస్టు నురుగే ఎగదన్ని మెడలో గడ్డకట్టి మూతగా నిలిచేది. 1516లో బవేరియా పాలకులు బీరులో యవలు, హాప్సు, నీరు తప్ప మరేదీ వేయరాదని శాసనం చేశారు. ఆ శాసనాన్ని తరువాత జర్మనీ అంతటా గొప్పగా చెప్పుకొన్నారు. ఈ ఉప్పుబీరుకు మాత్రం స్థానికపు ఆచారమని మినహాయింపు దొరికింది.

అయినా అది కూడా ఒకసారి చచ్చిపోయింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో దానిని కాచే పెద్ద శాల మూతపడింది. 1949లో ఒక చిన్న శాలవారు తిరిగి మొదలుపెట్టి ఎట్లాగో నడిపారు. 1966లో అదీ ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు లైప్‌జిగ్ నగరంలో గోజె అన్నది తాతలు చెప్పే మాట మాత్రమే. లోటార్ గోల్డ్‌హాన్ అనే ఆయన పాత గోజె పానశాల నొకదాన్ని బాగుచేసి, ఆ రుచి ఎరిగిన ముసలివారిని అడిగి తెలుసుకొని, 1986లో మళ్ళీ కాయించాడు. ఆ రుచి ఎరిగిన నాలుకలు ఇంకా కొన్ని బ్రతికి ఉండబట్టి ఆ పని సాధ్యమైంది. మరొక ఇరవై ఏళ్ళు ఆలస్యమైతే ఎవరిని అడిగేవాడో! అక్కడినుంచి అది అమెరికా వరకు పోయి, నానా వేషాలు వేసింది. గోజె అసలు రంగు లేత పసుపు. దానిని నల్లగా చేయటం ఈ కాలపువారి సాహసం. యవల మాల్టును నల్లగా మాడ్చే యంత్రానికి ఇంగ్లండులో 1817లో డేనియల్ వీలర్ పేటెంటు పొందాడు. ఆ మాడిన మాల్టు కొద్దిగా కలిపితే చాలు, పానీయం నల్లబడుతుంది.

లైప్‌జిగ్ నుంచి నూజివీడుకు రావటానికి పెద్ద ప్రయాణమేమీ అవసరం లేదు. పులుపూ ఉప్పూ దారి చూపుతాయి. నూజివీడు పేరు చెప్పగానే ఎవరికైనా చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి నోట మెదులుతాయి. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండి తరువాత ఏలూరు జిల్లాలో కలిసిన ఈ మెట్టసీమ, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపుల వరకు ఎర్రనేలల మీద మామిడి తోటలు పరచుకొన్న సీమ. లోకం ఎరిగినది ఇక్కడి తీపిని. తోటలో బ్రతికేవాడు ముందుగా ఎరిగేది పులుపును. పూత నిలిచి పిందె పడ్డ తరువాత గాలి వీస్తే చాలు, చెట్టు కింద పిందెలు రాలుతాయి. పండై బజారుకు పోయేది చెట్టున నిలిచినది. ఇంటికి వచ్చేది రాలినది. ఆ రాలిన పిందెలను కడిగి, తుడిచి, ఉప్పులో వేస్తే అవి తమ నీటిలో తామే ఊరి, ముడతలు పడి, వన్నె మారి, ఉప్పూ పులుపూ వగరూ కలిసిన ఒక చవిగా మారుతాయి. వాటికి వడపిందెలని పాత పేరు.

ఆ పేరు ఎంత పాతదో తెలుసుకోవటానికి శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద చాలు. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన ఆ ప్రభువు, శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏమి పెట్టేవాడో ప్రథమాశ్వాసంలో వరుసగా వర్ణించాడు. వానకాలపు వంటకాలు వేరు, చలికాలపువి వేరు. వేసవి పద్యంలో చెరకుపాలు, లేత కొబ్బరినీళ్ళు, పండ్లు, పరిమళించే చల్లని నీళ్ళు ఉన్నాయి. వాటి సరసనే పలుచని అంబళ్ళు ఉన్నాయి, వడపిందెలు ఉన్నాయి, నీరుచల్ల ఉన్నది. విద్యార్థులు ఈ పద్యాన్ని అలంకారాల కోసమే చదువుతారు. ఒక్కసారి ఆకలితో చదివితే మరొక సంగతి బోధపడుతుంది. సముద్రాల నడిమి రాజ్యాన్ని ఏలినవాడు తన కావ్యంలో పూజ్యుడైన అతిథికి అంబలి పోయించటానికి సిగ్గుపడలేదు.

సిగ్గు తరువాత వచ్చింది. "అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడు" అన్న సామెతలో అంబలి పేదరికానికి గుర్తు. కలో గంజో అన్న జాతీయంలో కలి కూడా అంతే. తినటానికి మరేదీ లేనప్పుడు తాగేదని దానికి పేరు పడింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ముందు ఇంటి నుంచి వెళ్ళగొట్టింది ఈ కుండనే. కాఫీ వచ్చి తెల్లవారుజామున దాని చోటు ఆక్రమించింది. కుక్కరులో వండే అన్నానికి గంజి వార్చే పని లేదు. గంజి లేకపోతే కలి ఎక్కడిది? శీతల యంత్రం వచ్చాక మిగిలిన అన్నం పులియటమే మానుకొన్నది. ఇవన్నీ నిజమైన కారణాలే. అయినా అన్నిటికంటె పెద్ద కారణం నామోషీ. అతిథి వచ్చినప్పుడు మూలనున్న కుండను చాటుచేసిన రోజే దాని ఆయువు తీరింది.

నల్లని బీరుకు మన దగ్గర సరియైన జత కావాలంటే తెల్లని తరవాణి ఒక్కటే చాలదు. రాగి అంబలి కూడా కావాలి. రాగులను కోస్తాలో చోళ్ళనీ, తెలంగాణాలో తైదలనీ అంటారు. పిండిని రాత్రి నీళ్ళలో కలిపి పులియబెట్టి, తెల్లవారి నూకతో కాచి, చల్లార్చి, ఉప్పూ మజ్జిగా కలిపితే అంబలి. పులియబెట్టటానికి మామూలు నీళ్ళకు బదులు తరవాణి పోస్తే పులుపు మరింత నిండుగా ఉంటుంది. కాచినప్పుడు దాని రంగు ఎరుపు కలిసిన నలుపు. తొలకరి వాన పడ్డ మెట్టనేల రంగు. మజ్జిగ పోయకముందు చవి చూచినవాడికే దాని అసలు స్వభావం తెలుస్తుంది. ముందు ముక్కుకు పులిసిన వాసన, వెనుక వేగిన ధాన్యపు వాసన. నాలుక కొసకు ఉప్పు. దవడల కింద పులుపు జివ్వుమంటుంది. మింగిన తరువాత గొంతులో వగరు నిలుస్తుంది. అది రాగి గింజ పై పొరలోని పదార్థాల గుణం. మాడిన యవల చేదు బీరులో ఏ పని చేస్తుందో, రాగి పొర వగరు అంబలిలో ఆ పనే చేస్తుంది: పులుపును పట్టి నిలిపి, నోటికి ఒక అడుగు ఏర్పరుస్తుంది. వట్టి తరవాణి నీరు, అంబలి తిండి.

ఉప్పు మాట వేరుగా చెప్పుకోవాలి. ఉప్పు తన రుచిని మాత్రమే చూపి ఊరుకొనేది కాదు. అది చేదును అణుస్తుంది. పచ్చి మామిడికాయ ముక్కకు ఉప్పూకారం అద్దుకొనే బడిపిల్లవాడు ఏ శాస్త్రమూ చదవకుండానే ఉప్పుకు గల ఈ సర్దుబాటు గుణాన్ని గ్రహించాడు. నల్లని బీరులో ఉప్పు వేయటంలోని కిటుకూ అదే. చేదు తగ్గితే పులుపుకు చోటు దొరుకుతుంది. మన పెద్దలు రుచులు ఆరని లెక్కించి, పులుపునూ ఉప్పునూ పక్కపక్కన నిలిపారు, వగరును చివర పెట్టారు. పాశ్చాత్య శాస్త్రజ్ఞులు వగరును రుచిగా లెక్కించరు, స్పర్శ అంటారు. 1908లో జపానుకు చెందిన ఇకెదా కనిపెట్టి చెప్పిన ఉమామి అనే మాంసరసపు రుచిని కలుపుకొని అయిదని వారి లెక్క. లెక్క ఏదైనా, ఉగాదినాడు వేపపూవు, మామిడి పిందె, కొత్త చింతపండు, ఉప్పు, కారం, బెల్లం కలిపిన పచ్చడిని ఉద్ధరిణెడు చేతిలో పోయించుకొని నాకిన బిడ్డ, నల్లగా ఉప్పగా పుల్లగా ఉన్న పదార్థాన్ని చూచి బెదరవలసిన అవసరం లేదు.

కుండలో జరిగేదీ పీపాలో జరిగేదీ సగం దూరం వరకు ఒకటే. ధాన్యం మీదనే సూక్ష్మజీవులు ఉంటాయి. నీరూ వెచ్చదనమూ దొరకగానే అవి పెరిగి, ఉన్న కాస్త చక్కెరనూ తిని, లాక్టిక్ ఆమ్లాన్ని విడుస్తాయి. పులిసిన పాలలో ఆ ఆమ్లాన్ని స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు షీలే 1780లో కనుగొన్నాడు. అది సూక్ష్మజీవుల పని అని పాశ్చర్ 1857లో చెప్పాడు. ఆమ్లం పెరిగే కొద్దీ కుళ్ళించే జీవులకు అక్కడ నిలువనీడ ఉండదు. అందుకే పుల్లకుండ మురిగిపోదు. తేడా తరువాత వస్తుంది. బీరు కోసం యవలను మొలకెత్తించి ఎండబెడతారు. మొలకలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ ఇస్తుంది. మన కుండలో మొలకా లేదు, ఎక్కువ చక్కెరా లేదు. పైగా అంబలిని పులిసిన తరువాత కాస్తారు. కనుక పులుపే తప్ప మత్తు ఉండదు. రాగులను కూడా మొలకెత్తిస్తే బీరు అవుతుంది. సిక్కిం, నేపాలు కొండలలో పులిసిన రాగులను వెదురు గొట్టంలో పోసి, వేడినీళ్ళు పోసి, సన్నని పుల్లతో పీల్చే తోంగ్బా కూడా రాగుల నుంచి వచ్చే పానీయమే. అయితే మన అమ్మలు మొలకెత్తిన రాగులను ఎండబెట్టి విసిరి పసిబిడ్డకు జావ కాచారు.

ఇది బీరుకు పాడే మంగళహారతి కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు 1992లో సారా దుకాణాల మీద తిరగబడ్డ సంగతీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలిపోయిన సంగతీ ఎరిగిన రాష్ట్రమిది. ఇక్కడ మద్యం మాట ఎత్తినప్పుడు ఏ ఇంటి కన్నీరో దాని వెనుక ఉంటుంది. చెప్పదలచినది వేరొకటి. బీరుశాలలో గాజు గ్లాసులో పోసి, వింత రుచి అని వెల కట్టి అమ్మేదానిలో ఆల్కహాలు తీసివేస్తే మిగిలే చవి, నామోషీ అని మనం పారబోసిన చవే. పైగా అక్కడ దానిని ఓపికగా గుటక గుటకగా తాగి, ముక్కుతో ఒకమాట, నాలుకతో ఒకమాట వర్ణించటానికి మనుష్యులు సిద్ధపడుతున్నారు. అంబలికి ఆ మర్యాద ఎవరూ ఇవ్వలేదు.

పూర్తిగా ఎవరూ ఇవ్వలేదనటం కూడా సరికాదేమో. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి మూడు రోజులు పిల్లలకు రాగిజావ ఇవ్వటం ప్రారంభించారు. ఉపాధ్యాయులకు ఆ గ్లాసులు పరిచితమే. వంద గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో దానికి సాటి లేదు. మంచి పనే. కాని ఆ జావ బెల్లం వేసిన జావ. పిల్లలు తాగాలంటే తీపి ఉండాలన్నది పెద్దల నమ్మకం. రాగి అంటే తీపి అని నేర్చిన నాలుకకు పులుపూ ఉప్పూ కలిసిన రాగి పదేళ్ళ తరువాత ఎదురైతే అది చెడిపోయినదనే తోస్తుంది. రుచి అనేది పుట్టుకతో వచ్చేది కొంత, అలవాటుతో వచ్చేది చాలా. వేసవిలో ఒక్కరోజు బడిలో ఉప్పు అంబలి కాచి, పక్కన ఒక్కొక్క వడపిందె పెట్టి, ఆముక్తమాల్యదలోని ఆ పద్యం చదివించటానికి ఏ ప్రభుత్వ ఉత్తరువూ అక్కరలేదు.

తరవాణి కుండ మొదలుపెట్టదలచినవారికి ఇబ్బంది ఒక్కటే. పాలకు తోడువలె దీనికీ పాత పులుపు తోడు కావాలి. ఇరుగుపొరుగున ఆ కుండ ఉన్న ఇల్లు దొరకటం ఇప్పుడు అరుదు. దొరకకపోతే కొత్త మట్టికుండను నీళ్ళలో నానబెట్టి కడిగి, గుప్పెడు అన్నం, పలుచని గంజి, మంచినీళ్ళు పోసి, మూతికి పలుచని గుడ్డ కట్టి నీడను ఉంచాలి. కంపు కొట్టినా, పైన రంగురంగుల బూజు పట్టినా మొహమాటం లేకుండా పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి. శుభ్రమైన పుల్లని వాసన వచ్చాక తేటను వంచుకొని, అడుగున నాలుగు గరిటెలు ఉంచి, దాని మీదనే కొత్త గంజి పోయాలి. మొదటిసారి పులియటానికి వేసవిలోనైనా రెండు మూడు రోజులు పడుతుంది. అడుగున పాతది ఉన్నది కనుక రెండవసారి అంత పట్టదు. నాలుగైదుసార్లు అయ్యేసరికి సాయంత్రం పోసినది తెల్లవారేసరికి పుల్లబడుతుంది.